ఉప్పుగాలిలో వెనక చక్రం

పాత బుల్లెట్టో, జావానో కొన్నవాళ్లు మెకానిక్కును ముందుగా అడిగేది ఒకటే: “రిమ్ములకు మళ్లీ క్రోమ్ వేయిస్తే సరిపోతుందా?” కంటికి ఆనేది ఆ మెరుపే కాబట్టి ప్రశ్న సహజం. కానీ విశాఖలో నలభై యాభై ఏళ్లు తిరిగిన బండి వెనక చక్రాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టి చూస్తే, అడగాల్సినవి వేరే ఉన్నాయని తెలుస్తుంది. క్రోమ్ ఊడిన చోట గోధుమరంగు మచ్చ ఉన్నంత మాత్రాన ఎవరూ పడిపోరు. స్పోకు మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు, డ్రమ్ములో పడిన గాడి, ఏళ్ల వేడికి గట్టిపడి నున్నబడ్డ లైనరు, బ్రేకు ప్లేటును పట్టి ఉంచే చోట వదులైన నట్టు: మనిషిని పడేసేవి ఇవి. స్టాండు వేసి నిలబెట్టిన బండిలో వీటిలో ఒక్కటీ కనపడదు.

ఈ అధ్యాయానికి వెనక చక్రాన్నే ఎందుకు తీసుకున్నామంటే, బండిలో అన్నిటికంటే ఎక్కువ చాకిరీ దానిదే. బరువు మొయ్యాలి, ఇంజను లాగుడుకి తిరగాలి, బ్రేకు వేస్తే ఆ ఎదురు బలాన్ని కాయాలి. ముందు చక్రానికి ఇంజను బాధ లేదు. మూడు పనులూ ఒకే ఇరుసు చుట్టూ ఎలా జరుగుతున్నాయో అర్థమైతే, ఏది బాగుచేసుకోవచ్చో, ఏది నిర్మొహమాటంగా పారేయాలో మనకే తెలుస్తుంది.

మన ఉదాహరణ ఎక్కువగా బుల్లెట్ 350. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన ఈ బండిని 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారుచేసింది. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 నుంచి జావాలు, ఆ తర్వాత యెజ్డీలు తీసింది. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ కూడా ఆ దశకంలోదే. రేవుకీ షిప్‌యార్డుకీ షిఫ్టులు తిరిగిన మోటారు సైకిళ్లలో ఒకప్పుడు ఈ పేర్లే ఎక్కువ వినిపించేవి.

కొలిమి విడదీస్తే సముద్రం కలుపుతుంది

విశాఖ ఇనుముతో బతికే ఊరు. బైలడీలా కొండల్లో తవ్విన ఎర్రటి ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదుగా ఇక్కడికి దిగుతుంది. ఆ ఖనిజం ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులు చేసే పనల్లా, కోక్ బొగ్గు సాయంతో ఆ ఆక్సిజన్‌ను ఊడగొట్టి ఇనుమును వేరుచేయడం. దానికి అపారమైన వేడి ఖర్చవుతుంది. అంత కష్టపడి విడదీసిన ఇనుము, కాస్త నీళ్లు, గాలి దొరికితే చాలు, మళ్లీ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. నీళ్లలో ఉప్పుంటే ఆ కలయిక ఇంకా తొందరగా జరుగుతుంది. తుప్పు అంటే ఇనుము తిరిగి ఖనిజంగా మారడమే. కొలిమి, సముద్రం పక్కపక్కనే ఉన్న ఊరు కాబట్టి రెండూ ఇక్కడే చూడొచ్చు.

ఉప్పు చేసే పని ఏమిటి? ఇనుము ఒక చోట కరుగుతుంది, అక్కడ వదిలిన విద్యుదావేశం లోహం గుండా పక్కనే ఇంకో చోటికి పాకి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఈ చిన్న విద్యుత్ వలయం పూర్తవ్వాలంటే పైన తడిపొర కావాలి. మంచినీళ్ల పొర విద్యుత్తును అంతంత మాత్రంగా మోస్తుంది, ఉప్పునీళ్ల పొర బాగా మోస్తుంది. పైగా ఉప్పు తడిని ఆరనివ్వదు. మనం తినే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చెమ్మగిల్లుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కయితే 33 శాతం చాలు. విశాఖలో తేమ అంత తక్కువకి పడిపోయే రోజు అరుదు. అంటే బీచ్ రోడ్డు పక్కన పెట్టిన బండి మీద ఉప్పు రేణువు వాలిందంటే, దాన్ని కడిగేసే దాకా అక్కడ తడి ఉన్నట్టే. ఆర్కే బీచ్ ఎదుట ఉంచిన బండికీ పెందుర్తిలో ఉంచిన బండికీ తుప్పులో తేడా ఉండేది ఇందువల్లే. గాలి మోసుకొచ్చే ఉప్పులో ఎక్కువ భాగం తీరానికి దగ్గర్లోనే రాలిపోతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌లాంటి తుపాను మాత్రం ఆ హద్దును చెరిపేసి, సముద్రపు తుంపరను ఊరు లోపలికంటా తోసుకొస్తుంది.

ఇప్పుడు రిమ్ము మీది క్రోమ్ సంగతి. మెరిసే క్రోమియం పొర ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం కూడా ఉండదు. అసలు కాపలా దాని కింద ఉన్న నికెల్ పొరది. ఆ పొరలో సూదిమొన అంత కన్నం పడిందనుకోండి. నికెల్, క్రోమియం తాము కరగకుండా, కింద బయటపడ్డ ఇనుమునే కరగనిస్తాయి. చుట్టూ ఉన్న పెద్ద మెరుపంతా కలిసి ఆ చిన్న కన్నం మీద పడుతుంది. అందుకే క్రోమ్ రిమ్ము సమంగా అరగదు, తుప్పు దాన్ని చుక్కలు చుక్కలుగా లోతుకి తినేస్తుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది కాబట్టి పైపొరను అదే పెకలించేస్తుంది.

జింకు పూత తీరు దీనికి పూర్తిగా ఎదురు. గీత పడి ఇనుము బయటపడినా జింకే ముందు కరుగుతుంది, తాను పోతూ ఇనుమును కాపాడుతుంది. దీన్ని బలి లోహం అనుకోవచ్చు. జింకు మాసిన వెండిలా కనిపిస్తుంది, ఫొటోలో క్రోమ్ అంత బాగోదు. చాలాకాలం హిందుస్థాన్ జింక్ కర్మాగారం నడిచిన ఈ ఊళ్లో, సముద్రం పక్కన తిరిగే బండి స్పోకులకు నేను జింకు పూతనే ఎంచుకుంటాను.

వెనక చక్రంలో తుప్పు ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి టైరు, ట్యూబు తీసి రిమ్ము లోపలి గాడిలో చూడాలి. వాన నీళ్లు స్పోకు రంధ్రాల గుండా దిగి, ట్యూబుకింద రబ్బరు పట్టీ దగ్గర నిలిచిపోతాయి. బయట ముఖం తళతళలాడుతూ లోపల పొరలు పొరలుగా రాలిపోయే రిమ్ములు మన ఊళ్లో చాలా ఉన్నాయి. స్పోకు కొసను బిగించే నిపుల్ కూర్చునే రంధ్రం అంచు పలచబడితే ఆ రిమ్ము ఇంక పనికిరాదు. దానికి పూత వేయించడం అంటే ప్రమాదాన్ని అందంగా కప్పిపెట్టడమే.

సన్నటి పుల్లలు అంత బరువు ఎలా మోస్తాయి?

ఎడ్లబండి చక్రంలో కర్ర ఆకులు తోపుడు మీద నిలబడతాయి. ఇరుసు మీది బరువు కిందనున్న ఆకు మీద పడి, అది నేలను తోస్తుంది. అందుకే అవి అంత లావు. మోటారు సైకిల్ స్పోకు మందం మూడు, మూడున్నర మిల్లీమీటర్లు. దాన్ని నిలువుగా పెట్టి పైనుంచి నొక్కితే వంగిపోతుంది. అదే స్పోకును రెండు కొసలూ పట్టి లాగి తెంచాలంటే కొన్ని వందల కిలోల బలం కావాలి. తోస్తే ఓడిపోయేదాన్ని లాగుడుకి వాడుకోవడం, తీగల చక్రంలోని తెలివంతా ఇదే. ఎగిరే యంత్రానికి తేలికైన చక్రం కావాలని వెతికిన ఇంగ్లండువాడు జార్జ్ కేలీకి 1808లోనే ఈ ఊహ తట్టింది.

నులక మంచాన్ని తలచుకుంటే ఇది చేతికి అందుతుంది. తాడు దానంతటది ఏమీ మొయ్యలేదు, నేల మీద పడేస్తే కుప్పగా పడుతుంది. పట్టెల మధ్య అల్లి, కాళ్లవైపు లాగి బిగించాక దాని మీద ఇద్దరు కూర్చోవచ్చు. తాళ్లన్నీ పట్టెల్ని లోపలికి లాగుతుంటాయి, పట్టెలు ఆ లాగుడును కాచుకుంటాయి. ఒక తాడు వదులైతే దాని పక్క తాళ్ల మీద భారం పెరిగి అవీ సాగుతాయి, మంచం ఒకవైపు కుంగుతుంది. చక్రంలో పట్టెల పని రిమ్ముది, నులక పని స్పోకులది. నడి బొడ్డు, అంటే హబ్బు, ఆ తీగల మధ్య వేలాడుతూ ఉంటుంది. బుల్లెట్ వెనక చక్రంలో ఇలాంటి స్పోకులు 40.

మంచానికీ చక్రానికీ ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. మంచం మీద కూర్చుంటే తాళ్లు ఇంకా బిగుస్తాయి. చక్రంలో బరువు పడినప్పుడు నేలవైపు ఉన్న నాలుగైదు స్పోకుల బిగువు తగ్గుతుంది, మిగతావి దాదాపు అలాగే ఉంటాయి. కింద లాగుడు తగ్గిన మేరకే హబ్బు బరువు నిలబడుతుంది. కాబట్టి ముందే చాలినంత బిగువు పెట్టి ఉంచాలి, కిందికి వచ్చిన స్పోకులో కూడా ఇంకా కొంత బిగువు మిగలాలి.

ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క వేసుకోవచ్చు. 19 అంగుళాల రిమ్ము మీద 3.25 టైరు వేస్తే చక్రం చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. కిలోమీటరుకి దాదాపు 490 చుట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ప్రతి స్పోకూ సెకనుకి ఎనిమిది సార్లు వదులై మళ్లీ బిగుస్తుంది. పదివేల కిలోమీటర్లు తిరిగేసరికి సుమారు 49 లక్షల సార్లు. చక్రం బాగా బిగువుగా ఉంటే ఈ మార్పు చిన్నది. వదులు చక్రంలో స్పోకు ప్రతి చుట్టులోనూ పూర్తిగా జారి మళ్లీ పట్టుకుంటుంది, హబ్బు రంధ్రంలో దాని వంపు మెడ ఊగుతుంది. ఒక్కసారికి ఏమీ కాని ఆ వంపు లక్షల సార్లయ్యాక పగులు అవుతుంది. లోహపు అలసట అంటే ఇదే, ఇంజనీర్లు ఫెటీగ్ అంటారు. స్పోకు తెగేది దాదాపు ఎప్పుడూ ఆ మెడ దగ్గర, లేదా నిపుల్‌లోకి పోయే మరల దగ్గర. నడుమలో తెగింది అరుదుగా చూస్తాం. ఎక్కువ బిగించినందువల్ల కంటే తక్కువ బిగించినందువల్లే స్పోకులు ఎక్కువ తెగుతాయన్న మాట చాలామందికి వింతగా ఉంటుంది గానీ, కారణం ఇదే.

వెనక చక్రంలో స్పోకులు హబ్బు నుంచి తిన్నగా రిమ్ముకి పోవు. ఒకదాన్నొకటి దాటుతూ ఏటవాలుగా పోతాయి. ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1874లో సైకిలు చక్రానికి స్థిరపరిచిన పద్ధతి ఇది. తిన్నగా పెట్టిన తీగ హబ్బు తిరిగితే వంగుతుందే గాని రిమ్మును తిప్పలేదు. ఏటవాలుగా పెడితే, ఇంజను లాగినప్పుడు ఒక వైపు వాలిన స్పోకులు బిగుసుకుని రిమ్మును తిప్పుతాయి, బ్రేకు వేసినప్పుడు రెండో వైపు వాలినవి బిగుసుకుని ఆపుతాయి. సగం స్పోకులు వెళ్లడానికి, సగం ఆగడానికి.

పాత చక్రాన్ని కట్టేటప్పుడు ‘బెండు తీయడం’ అంటారే, దాని వెనక ఉన్న శాస్త్రం ఇదంతా. రిమ్ము పక్కలకు ఊగుతుంటే ఆ చోట ఒక వైపు స్పోకుల్ని కొంచెం బిగించి, ఎదుటివైపు వాటిని అంతే వదులు చేస్తారు. పైకీ కిందికీ ఎగురుతుంటే ఆ చోట రెండు వైపులా బిగిస్తారు. ఊగుడు రెండు మిల్లీమీటర్ల లోపు ఉండాలన్నది మామూలు కొలత. ఓపికగా చేస్తే ఒక మిల్లీమీటరు లోపుకి వస్తుంది. అయితే చక్రం సూటిగా తిరగడం ఒక్కటే చాలదు. కొన్ని స్పోకులు మరీ బిగిసి, కొన్ని మరీ వదులుగా ఉండి కూడా రిమ్ము తాత్కాలికంగా సూటిగా తిరగొచ్చు. అందుకే మంచి పనివాడు చివర్లో స్క్రూడ్రైవరుతో స్పోకుల్ని వరసగా తట్టుతూ వింటాడు. లాగి కట్టిన తీగ ఎంత బిగువుంటే అంత సన్నని శబ్దం చేస్తుంది. ఒకే పొడవు ఉన్న స్పోకులు ఒకే స్వరం పలికితే బిగువు సమానంగా ఉన్నట్టు, మధ్యలో ఒకటి ‘డబ్’మంటే అది పని చేయడం మానేసినట్టు. ఖరీదైన పరికరం లేకుండా చెవితో చేసే ఈ పరీక్ష మీద నాకు చాలా గౌరవం.

మెరుపు తెచ్చే పెళుసు

స్పోకుకి బలం ఎక్కడి నుంచి వచ్చింది? విశాఖ ఉక్కు కర్మాగారంలోని వైర్ రాడ్ మిల్లులో ఉక్కు కమ్మీని ఎర్రగా ఉండగానే నొక్కి చుట్టలుగా చుడతారు, అక్కడ అన్నిటికంటే సన్నటిది 5.5 మిల్లీమీటర్లు. స్పోకులు అలాంటి కమ్మీ నుంచే వస్తాయి. కమ్మీని వేడి చేయకుండా, గట్టి లోహపు రంధ్రాల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా లాగి సన్నం చేస్తారు. చల్లగా లాగినకొద్దీ లోపలి రేణువులు పొడవునా సాగి, ఉక్కు గట్టిపడుతుంది.

గట్టిపడ్డ ఉక్కుకి ఒక శత్రువుంది. పూత వేసే ముందు తుప్పు వదలడానికి స్పోకుల్ని ఆమ్లంలో ముంచుతారు, తర్వాత విద్యుత్తుతో లోహపు పొర ఎక్కిస్తారు. రెండు చోట్లా హైడ్రోజన్ పుడుతుంది. అది చాలా చిన్న పరమాణువు కాబట్టి ఉక్కు లోపలికి దూరిపోయి, బిగువు ఎక్కువున్న చోట, అంటే మెడ దగ్గర, మర అడుగున పోగవుతుంది. అక్కడ ఉక్కు సాగే గుణం కోల్పోతుంది. పైకి ధగధగలాడే స్పోకు బిగించిన కొన్ని రోజులకి, బండి కదలకుండా ఉండగానే, టప్పున విరిగిపోవచ్చు. దీన్ని హైడ్రోజన్ పెళుసుదనం అందాం. విరుగుడు ఉంది: పూత వేసిన కొద్ది గంటల్లోనే స్పోకుల్ని 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చితే హైడ్రోజన్ బయటికి పోతుంది. పూత వేసే చోటికి వెళ్లి ఈ ఒక్క మాట అడగండి. వాళ్లకు తెలియకపోతే పాత స్పోకులు అక్కడ ఇవ్వొద్దు. స్పోకులు ఖరీదైనవి కావు, తుప్పు పట్టిన సెట్టు తీసేసి కొత్తది వేయడమే మేలు.

తుప్పు వదిలించడానికి ఇంట్లో చేసుకునే ఇంకో పద్ధతి, చాకలిసోడా కలిపిన నీళ్లలో ముంచి బ్యాటరీ చార్జరు కరెంటు పెట్టడం. బ్రేకు ప్లేటు, పెడల్ లాంటి మెత్తని ఉక్కు భాగాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. అక్కడా హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి స్పోకులకు, స్ప్రింగులకు వద్దు, గాలి ఆడే చోటే చేయాలి. రెండో కొసకి స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క కట్టకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. మామూలు ఇనుప ముక్క చాలు.

హబ్బు లోపల చూడాల్సినవి రెండే. బేరింగులు వేలితో తిప్పితే గరగరలాడకూడదు, ఉప్పునీళ్లు దిగిన బేరింగు కడిగినా బాగవ్వదు. రెండోది, ఎన్‌ఫీల్డ్ వారు పెట్టిన రబ్బరు దిమ్మలు. ఒకే సిలిండరు ఉన్న ఈ ఇంజను రెండు చుట్లకొకసారి మాత్రమే మండుతుంది, ఆ కుదుపు చెయిన్ ద్వారా నేరుగా స్పోకుల మీద పడకుండా హబ్బుకీ పళ్ల చక్రానికీ మధ్య ఉన్న ఈ రబ్బరు మింగుతుంది. గోరుతో నొక్కితే గుంట పడనంత గట్టిపడితే మార్చేయాలి.

డ్రమ్ము విప్పేముందు ఊపిరి సంగతి

బ్రేకు విప్పగానే లోపల బూడిద రంగు దుమ్ము ఉంటుంది. దాన్ని నోటితో ఊదడం, కంప్రెసర్ గాలితో కొట్టడం మన గ్యారేజీల్లో రోజూ జరుగుతున్నదే. దయచేసి అలా చేయొద్దు. పాతకాలపు బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ నార వాడేవారు. అది వేడికి కాలదు, బలంగా ఉంటుంది, చవక. ఆ నార పోగులు కంటికి కనపడనంత సన్నగా విడిపోయి ఊపిరితిత్తుల్లో దిగితే శరీరం వాటిని కరిగించలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సరు రావచ్చు, అదీ ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత. పదహారేళ్ల వయసులో పీల్చిన దుమ్ము నడివయసులో తిరగబడుతుందన్నమాట. గ్యారేజీలో ఈ పని ఎక్కువగా చేసేది నేర్చుకునే కుర్రాళ్లే.

చేయాల్సింది తేలిక. సబ్బునీళ్లు చల్లి దుమ్మును తడపాలి, తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేయాలి. పాత లైనర్లను ఆకురాయితో రుద్దకూడదు. ఆస్బెస్టాస్ లేని లైనర్లు ఇప్పుడు దొరుకుతాయి, అడిగి మరీ అవే తీసుకోవాలి.

బ్రేకు నొక్కితే వేగం ఎక్కడికి పోతుంది?

వేగం ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. బండి, ఇద్దరు మనుషులు కలిపి 300 కిలోలనుకుంటే, 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి వదలాల్సిన శక్తి దాదాపు 42 వేల జౌళ్లు. అందులో వెనక డ్రమ్ము వాటాకి వచ్చింది దాన్ని పది పదిహేను డిగ్రీలు వేడెక్కిస్తుంది, గాలికి మళ్లీ చల్లబడుతుంది. ఊళ్లో ఇది సమస్యే కాదు. అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోట వైపు దిగుతున్నప్పుడు చూడండి. 900 మీటర్ల ఎత్తు దిగితే వదలాల్సిన శక్తి సుమారు 26 లక్షల జౌళ్లు, తొమ్మిది లీటర్ల నీళ్లను మరిగే దాకా తెచ్చేంత. గాలి కొంత, ఇంజను కొంత తీసుకోకపోతే, అదంతా ఆ ఆరంగుళాల డ్రమ్ములోనే నిలిచిపోతే, పోతఇనుము కరిగిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజనుతో ఆపుకోవాలని పెద్దవాళ్లు చెప్పడంలో ఇంత లెక్క ఉంది.

డ్రమ్ము లోపల లైనర్లు అతికించిన అర్ధచంద్రాకారపు షూలు రెండు. ఒక కొస ఒక పిన్ను మీద ఆనుకుంటే, రెండో కొసల మధ్య ఒక కామ్ ఉంటుంది. పెడల్ తొక్కితే రాడ్డు లాగి కామ్ తిరుగుతుంది, షూలు విచ్చుకుని డ్రమ్ముకి రాసుకుంటాయి. ఇక్కడ ఒక చిత్రం జరుగుతుంది. తిరిగే డ్రమ్ము ఒక షూను తనవైపు ఇంకా లాక్కుంటుంది, రెండోదాన్ని దూరంగా నెడుతుంది. మొదటిది తానే బిగుసుకునే షూ, మెకానిక్కులకు లీడింగ్ షూ. ఆపే పనిలో పెద్ద వాటా దానిదే. మన కాలు వేసిన బలాన్ని డ్రమ్ము తిరుగుడే పెంచుతోందన్నమాట. బండి వెనక్కి జారితే షూల పాత్రలు తారుమారవుతాయి, అప్పుడు రెండోది బిగుసుకుంటుంది. సింహాచలం ఘాట్ మీద వాలులో ఆపినా ఇదే బ్రేకు రెండు దిక్కులా పట్టేది అందుకే.

వేడెక్కిన డ్రమ్ము పెరుగుతుంది. ఆరంగుళాల పోతఇనుప డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. షూ దగ్గరికి వస్తుంటే డ్రమ్ము దూరం జరుగుతుంది, పెడల్ లోతుకి దిగుతుంది. పైగా లైనరులోని జిగురు మరీ వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది. చల్లబడ్డాక ఆ పొర నున్నగా గట్టిపడి, మామూలు వేడిలోనూ సరిగ్గా పట్టదు. బ్రేకు ‘కొయ్యబారింది’ అనిపించే బండిలో తరచూ జరిగింది ఇదే. చెయిన్ నూనె, హబ్బు గ్రీజు పీల్చుకున్న లైనరు సంగతి ఇంకా తేలిక: పెట్రోలుతో ఎంత కడిగినా, మొదటి వేడికి నూనె మళ్లీ పైకి ఊరుతుంది. తీసేయాల్సిందే.

డ్రమ్ములో గాడులు పడితే, కోలగా మారితే లేత్ మీద పలచగా కోయిస్తారు. గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని తెలిసిన టర్నర్లకు కొదవలేదు. కానీ పనుల వరస ముఖ్యం. బుల్లెట్ వెనక డ్రమ్ము, పళ్ల చక్రం కలిసిన విడి ముక్క, స్పోకులు దాన్ని తాకవు. జావా, యెజ్డీ హబ్బులు అలా కాదు. డ్రమ్ము హబ్బులోనే ఉంటుంది, స్పోకులు ఆ హబ్బుకే కట్టి ఉంటాయి. ఎన్నో తీగలు ఒక్కసారి లాగితే ఆ గుండ్రం కొంచెం మారుతుంది. ముందు కోయించి తర్వాత స్పోకులు కడితే, చేసిన పని వృథా. ముందు చక్రం కట్టి, బెండు తీసి, మొత్తం చక్రాన్ని లేత్ మీద పెట్టించి కోయించాలి. పెడల్ కాలి కింద టకటక కొట్టుకునే జావాల్లో చాలావాటికి ఈ వరస తప్పడమే కారణం. కోశాక డ్రమ్ము పెద్దదవుతుంది కాబట్టి లైనరు వంపును కూడా దానికి సరిపోయేలా తిప్పించుకోవాలి. లైనరు మీద సుద్దముక్క రుద్ది, షూను డ్రమ్ములో ఆనించి కదిపితే ఎక్కడ తాకుతోందో ఎక్కడ తాకట్లేదో సుద్దే చెప్తుంది.

మళ్లీ బిగించేటప్పుడు

కామ్ మీద గ్రీజు వేయాలి గానీ, పలచటి పొర మాత్రమే. ఎక్కువైంది వేడికి కరిగి లైనరు మీదికే పోతుంది. రాడ్డు పట్టుకునే చిన్న చెయ్యి, షూలు డ్రమ్మును తాకే క్షణంలో రాడ్డుకి లంబంగా ఉండాలి, అప్పుడే కాలి బలం పూర్తిగా తిప్పుడుగా మారుతుంది. లైనర్లు అరిగినకొద్దీ మరలు బిగిస్తూ పోతే ఆ చెయ్యి లంబం దాటి ముందుకి వాలుతుంది, తొక్కినదంతా వృథాగా పోతుంది. ఇంకా దాటితే కామ్ బోర్లపడి షూలు బిగుసుకుపోవచ్చు.

చక్రం ఎక్కించాక ఇరుసు నట్టును బిగించే ముందు ఎవరినైనా బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోమనండి. షూలు డ్రమ్మును పట్టుకుని ప్లేటును మధ్యకు తెచ్చుకుంటాయి, అలా ఉండగా బిగిస్తే రెండూ సమంగా పనిచేస్తాయి. తర్వాత ప్లేటును ఫ్రేముకి పట్టి ఉంచే యాంకరు నట్టు. బ్రేకు వేసినప్పుడు డ్రమ్ము ప్లేటును తనతో పాటు తిప్పేయాలని చూస్తుంది, ఆ తిప్పుడును ఆపేది ఈ ఒక్క నట్టే. అది ఊడితే ప్లేటు గిర్రున తిరిగి, రాడ్డును చుట్టేసి చక్రాన్ని బిగదీస్తుంది. దీనికి కొత్త లాకు వాషరు గానీ, స్ప్లిట్ పిన్ను గానీ వేయకుండా బండి బయటికి తీయకూడదు.

వెనక బ్రేకు ఎంత బాగా కుదిరినా దాని హద్దు దానికుంది. గట్టిగా ఆపినప్పుడు మొత్తం బరువులో దాదాపు నాలుగో వంతు వెనక నుంచి ముందుకి పోతుంది, వెనక టైరుకి నేల మీద పట్టు తగ్గుతుంది. ముందు బ్రేకు వాడకుండా వెనకదే తొక్కే అలవాటున్నవాళ్లు కొత్త లైనర్ల తర్వాత ఇంకా తేలిగ్గా జారతారు. ఇంకొకటి: పాత బుల్లెట్టులో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఈ కాలపు బళ్ల మీద నేర్చుకున్నవాళ్లు ఖాళీ రోడ్డు మీద కొంతసేపు నడిపి, కాళ్లకు అలవాటు చేసుకున్నాకే జగదంబ జంక్షను వైపు వెళ్లాలి.

కొత్త లైనర్లు కుదురుకునే దాకా మధ్యస్థ వేగంలో మెల్లగా, విడతలు విడతలుగా బ్రేకు వేయాలి, మధ్యలో చల్లారనివ్వాలి. రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత నిపుల్స్ రిమ్ములో సర్దుకుని కొన్ని స్పోకులు వదులవుతాయి కాబట్టి మళ్లీ తట్టి విని సరిచేయాలి. తీరం వైపు తిరిగే బండికయితే వారానికోసారి చక్రాలను మంచినీళ్లతో, నిపుల్స్ దగ్గర మరీ శ్రద్ధగా కడిగి ఎండలో ఆరనివ్వాలి. తీరం వెంట తిరిగొచ్చిన మర్నాడు ఉదయం డ్రమ్ములో పలచటి తుప్పు పొర ఉంటుంది, మొదటి తొక్కుడుకి బ్రేకు అనుకోనంత గట్టిగా పట్టేస్తుంది. వీధి మలుపు దాకా నెమ్మదిగా, రెండు మూడుసార్లు బ్రేకు ఆనించుకుంటూ పోతే ఆ పొర రాలిపోతుంది.